రొడ్డచేతి విసురు

పోయిన వారం ఇర్షాద్, తస్లీమా షార్జా రోలాలోని తమ ఇరుకు ఫ్లాట్‌లో బేస్‌బాల్ గురించి మాటామాటా అనుకుంటుండగా వాళ్ళను వదిలి వచ్చాం. రాయచోటి పక్క పల్లెవాళ్ళకు బేస్‌బాల్ గొడవ ఏమిటని ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళు అడగవచ్చు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు తరన్నుమ్‌కు ఆరేళ్ళు. తల్లిదండ్రులిద్దరూ ఇక్కడ పనుల్లో ఉండటంతో మూడేళ్ళపాటు ఊళ్ళో జేజి దగ్గర, అంటే నాయనమ్మ దౌలత్‌బీ దగ్గర పెరిగింది. ఆరు నెలల కిందట వీళ్ళ దగ్గరికి వచ్చింది. వచ్చిందన్న మాటేగాని పిల్ల నోరు విప్పదు. పెట్టింది తింటుంది, కూర్చోమంటే కూర్చుంటుంది, నవ్వమంటే మాత్రం నవ్వదు. నలుగురు పిల్లలతో కలిపి ఏదైనా ఆటలో వేయమని స్కూల్లో టీచరమ్మ చెప్పింది. తస్లీమా పనిచేసే పళ్ళ క్లినిక్‌లో ఎవరో, ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ కలిపి ఆడించే ఆట బేస్‌బాల్ అన్నారు. అలా పట్టుకుంది వీళ్ళను ఈ ఆట.

లీగులు రెండు దొరికాయి. దుబాయ్‌లోది పెద్దది. నేలంతా పచ్చని తివాచీ, వీపుమీద పేర్లు రాసిన చొక్కాలు, చేతిలో కాఫీ కప్పులతో గట్టున నిలబడే దొరసానులు. ఇర్షాద్‌కు అది చూడగానే కళ్ళు చెదిరిపోయాయి. చేర్పిస్తే అందులోనే అని కూర్చున్నాడు. రెండోది షార్జాలోనే, ఒక స్కూలు వెనక ఇసుక మైదానంలో ఫిలిప్పీన్ కోచ్ రామిల్ నడిపేది. తస్లీమాకు తివాచీతోనూ ఇసుకతోనూ పని లేదు. పిల్ల ఎక్కడ నవ్వితే అక్కడ చేర్పిద్దామంది. దుబాయ్‌లో తరన్నుమ్ నవ్వలేదు. అందుకని ఈ శనివారం పొద్దున షార్జా లీగు వంతు వచ్చింది.

ఇక్కడ గ్లవ్వు సంగతి ఒకటి చెప్పాలి. కొంప ముంచింది అదే.

ఇర్షాద్ కార్ల ఏసీ మెకానిక్కు, క్రికెట్ పిచ్చోడు. కూతురికి గ్లవ్వు కొందామని ఆటసామాన్ల షాపుకు పోయాడు. పిల్లది ఏ చేతి వాటమని షాపువాడు అడిగాడు. కుడిచేతి వాటమని చెప్పి, వాడు ఇచ్చింది తీసుకుని ఇంటికొచ్చాడు. తీరా చూస్తే అది ఎడమచేతికి పట్టే గ్లవ్వు. "మనల్ని చూసి పాతసరుకు అంటగట్టినాడు మ్మే వాడు!" అని ఎగిరి, మళ్ళీ పోయి, గొంతు పోయేట్టు వాదించి, కుడిచేతికి పట్టేది మార్చుకొచ్చాడు. ఆ షాపువాడు ఎంత చెప్పబోయినా వినలేదు. బేస్‌బాల్‌లో గ్లవ్వు బంతి పట్టడానికి. విసిరే చెయ్యి ఖాళీగా ఉండాలి కాబట్టి, కుడిచేత్తో విసిరే పిల్లకు గ్లవ్వు ఎడమచేతికే తొడుగుతారు. ఇంత చిన్న ముక్క క్రికెట్ తప్ప వేరే ఆట ఎరగని ఆ ఇంట్లో ఎవరికి తెలుస్తుంది?

అలా ఆ పొద్దున తరన్నుమ్ కుడిచేతికి కొత్త గ్లవ్వుతో, ఎడమచెయ్యి ఖాళీగా మైదానంలో నిలబడింది.

ఇసుక ఇంకా చల్లగానే ఉంది. రకరకాల దేశాల పిల్లలు పదిహేనుమంది దాకా గోలగోలగా పరుగెడుతున్నారు. మెత్తటి బంతిని ఒక రబ్బరు గొట్టంమీద పెట్టి బ్యాటుతో కొట్టిస్తున్నారు. రామిల్ పొట్టిగా, గుండ్రంగా, నవ్వుమొహంతో ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాడేమో, హిందీ బాగానే ఒంటబట్టింది. తరన్నుమ్ చేతికున్న గ్లవ్వు చూడగానే మొహం ఇంత చేసుకున్నాడు.

"అరే! లెఫ్టీ! వెరీ గుడ్! ఇధర్ ఆవో బేబీ."

ఎడమచేతివాటం పిల్లలంటే ఈ ఆటలో కోచ్‌లకు మహా ముద్దు. రామిల్ పదడుగులు వెనక్కి పోయి, తన గ్లవ్వు ముందుకు చాపి, బంతి విసరమన్నాడు. పిల్ల కదల్లేదు. చేతిలో బంతిని, తర్వాత కోచ్‌ను, తర్వాత గట్టుమీది తల్లిని చూసింది. ఆ సమయానికి తస్లీమా సంచీలో నీళ్ళసీసా వెతుక్కుంటోంది. ఇర్షాద్ ఫోన్‌లో ఎవరి కారుకో గ్యాస్ నింపే సంగతి మాట్లాడుతున్నాడు. చూసేవాళ్ళు ఎవరూ లేరు.

"కమాన్, యల్లా, త్రో!" అన్నాడు రామిల్.

తరన్నుమ్ విసిరింది.

బంతి రామిల్ గ్లవ్వులో ఫట్టున పడింది. వాడు చెయ్యి దులుపుకుని ఒక్క అరుపు అరిచాడు. బంతి తిరిగి ఇచ్చి ఇంకోసారి అన్నాడు. ఈసారి పిల్ల ఎవరివైపూ చూడకుండా, కాలు కాస్త ముందుకు పెట్టి, ఎవరో నేర్పించినంత ఒడుపుగా విసిరింది. మళ్ళీ ఫట్టుమంది. అక్కడున్న పెద్దపిల్లలు కూడా ఆగి చప్పట్లు కొట్టారు. రామిల్ బంతి మళ్ళీ పిల్ల చేతికిచ్చాడు.

అప్పుడొక నవ్వు వినపడింది. కిలకిలమని, పొట్ట పట్టుకుని నవ్వే నవ్వు. ఎవరి పిల్లో ఎంత హాయిగా నవ్వుతోంది, మన పిల్ల ఎప్పుడు నవ్వుతుందో అనుకుంటూ తస్లీమా తలెత్తింది. నవ్వుతున్నది తరన్నుమే. కూతురి నవ్వు ఇలా ఉంటుందని ఆ తల్లికి అప్పుడే తెలిసింది. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. నీళ్ళసీసా అక్కడే పారేసి, చెప్పులు ఇసుకలో కూరుకుపోతుంటే వదిలేసి పరుగెత్తింది.

"తరన్నుమ్! నా బంగారూ!"

ఆ కేకతో పిల్ల నవ్వు ఆగిపోయింది. తల్లి తనవైపు పరుగెత్తుకు రావడం చూసింది. చేతిలోని బంతి జారిపోయింది. కుడిచేతి గ్లవ్వు తీసి పారేసింది. ఎడమచేతిని గబుక్కున కుడిచంకలో దాచుకుని, ఉన్నచోటే ఇసుకలో కూలబడి, మోకాళ్ళ మధ్య తల దూర్చేసింది.

"ఇంగ ఈ చెయ్యి వాడను మా. ఎప్పుడూ వాడను. వాత వద్దు మా. వాత వద్దు."

తస్లీమా ఉన్నపళాన ఆగిపోయింది. తను సరిగా విన్నానా అనుకుంది. పిల్ల అదే మాట మళ్ళీ మళ్ళీ, పాఠం అప్పజెప్పినట్టు అంటూనే ఉంది. ఏం జరిగిందో తెలియక రామిల్ తన తప్పేమైనా ఉందా అన్నట్టు చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాడు.

"ఏం వాత తల్లీ? ఎవురు పెడతారు నీకు వాత?"

తస్లీమా మోకాళ్ళమీద కూర్చుని, పిల్ల చంకలో ఉన్న చేతిని మెల్లగా బయటికి తీసింది. మణికట్టు లోపలివైపు వేలెడంత నల్లమచ్చ ఉంది. అది ఆమెకు కొత్తేమీ కాదు. పిల్ల విమానం దిగిన రోజునే చూసి అడిగితే, దోసె పెనం తగిలిందంట అన్నాడు ఇర్షాద్. అయ్యో తల్లీ అని అప్పుడు దానిమీద ముద్దు కూడా పెట్టుకుంది. ఇప్పుడు దగ్గరగా చూసింది. పెనం తగిలితే ఇంత తిన్నగా, గీత గీసినట్టు కాలుతుందా?

తస్లీమా ఆ మచ్చమీద వేలు ఆనించింది.

"ఇది పెనం గాదా నాయనా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"మరెవురు?"

జవాబు మోకాళ్ళ మధ్యనుంచే సన్నగా వచ్చింది.

"జేజి."

దౌలత్‌బీ తస్లీమాకు అత్త మాత్రమే కాదు, సొంత మేనత్త, నాన్నకు తోడబుట్టిన అక్క. చిన్నప్పుడు తల్లికి జబ్బు చేస్తే తస్లీమాను ఒళ్ళో పెట్టుకుని సాకిన మనిషి. నిఖా అయ్యాక అత్తింటికి పోతూ తస్లీమా ఏడవలేదు, పోయేది ఆ అత్త దగ్గరికే కాబట్టి. ఆ చేతుల్లో పెరిగాననే ధైర్యంతోనే తన పిల్లను కూడా ఆ చేతుల్లో పెట్టి విమానం ఎక్కింది. ఆ చేతులు గరిటె కాల్చి ఈ పసిదాని మణికట్టుమీద పెట్టాయా? నమ్మడానికి మనసు ఒప్పుకోలేదు. నమ్మకుండా ఉండటానికి ఎదురుగా మచ్చ ఉంది.

ఎడమచేతి విషయంలో కడప వైపు హిందువు, ముసల్మాను అని తేడా లేదు. దాన్ని రొడ్డచెయ్యి అంటారు. రొడ్డచేత్తో డబ్బులిచ్చినా తప్పే, అన్నం ముట్టుకుంటే మరీ తప్పు. తరన్నుమ్‌ది పుట్టుకతోనే ఆ వాటం. చిన్నప్పుడు అందరూ చెయ్యిమీద చిన్నగా కొట్టి మార్పించబోయారు. ఊరినుంచి వచ్చాక అన్నీ కుడిచేత్తోనే చేస్తుంటే, అత్త ఎంత ఓపిగ్గా నేర్పించిందోనని తస్లీమా మెచ్చుకుంది. ఒకసారి ఫోన్‌లో ఆ మాట పైకి కూడా అంది. అప్పుడు దౌలత్‌బీ ఏమీ మాట్లాడలేదు.

ఇర్షాద్ ఫోన్ పెట్టేసి వచ్చేసరికి తస్లీమా లేచి నిలబడి ఉంది. మనిషి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఏమైంది మ్మే? పడిందా పాప?"

"ఈ మచ్చ ఏంది?"

"అదేందిరా నాయనా, ఇప్పుడు ఆ మచ్చ... పెనం..."

"ఇర్షాద్!"

మేనత్త కొడుకు కాబట్టి నువ్వు అనే చనువు తస్లీమాకు ఎప్పుడూ ఉంది. పేరు పెట్టి పిలవడం మాత్రం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. ఇర్షాద్ కూతుర్ని చూశాడు, ఇసుకలో పడున్న బంతిని చూశాడు, ఇక చూడటానికి ఏమీ లేక నేల చూశాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. ఒక్కటే అబద్ధం ఆరు నెలలు మోశాడు. అది ఇప్పుడు మొహమంతా కనిపిస్తోంది.

తస్లీమాకు రెండో దెబ్బ అక్కడ తగిలింది.

"నీకు తెల్సు," అంది. "నీకు ముందే తెల్సు."

"పాపను తోడుకొచ్చేదానికి పోయినప్పుడు చూసినా. అప్పటికి పుండు మానింది."

"మానిందా! మానింది గాబట్టి మూసిపెట్టినావా? ఆ బిడ్డ దినామూ నా పక్కన పండుకుంటాంది. దినామూ ఆ చెయ్యి పట్టుకుని స్కూలుకు పోతాండా. నాకొక్క మాట చెప్పాలని తోచలేదా నీకు?"

"చెప్దామనే అనుకున్యా..."

"ఎట్ల చెప్తావ్? మీయమ్మ గదా! మీయమ్మ బిడ్డను కాల్చిందని పెండ్లానికి చెప్తే ఇంట్లో అగ్గి పుడుతుందని దాచినావు. మీయమ్మను కాపాడుకున్యావు. బిడ్డ ఏమైపోతే నీకేంది?"

గొంతు ఎంత పెరిగిందో ఆమెకే తెలియలేదు. గట్టుమీదున్న తల్లులు ఇటు తిరిగి చూస్తున్నారు. భాష తెలియకపోయినా మొగుడూపెళ్ళాల కొట్లాట ఏ దేశం వాళ్ళకైనా తెలుస్తుంది. మర్యాదగా మొహాలు తిప్పుకున్నారు. రామిల్ మిగతా పిల్లల్ని పోగుచేసుకుని దూరంగా తీసుకుపోయాడు.

ఇర్షాద్ తిరిగి అరవలేదు. కోపం తెచ్చుకున్నా బాగుండేదేమో. అతను పెళ్ళాన్ని చూసిన చూపులో కోపం లేదు. జాలి ఉంది. ఆ జాలి తస్లీమాను ఇంకా మండించింది.

"మాట్లాడవేం?"

"నేను మాయమ్మను కాపాడలేదు తస్లీమా."

"మరి ఎవుర్ని కాపాడినావ్?"

"ఇంటికి పోదాం పా," అన్నాడు ఇర్షాద్. "ఇంట్లో మాట్లాడుకుందాం. ఈడ వద్దు."

"ఈడనే చెప్పు. ఎవుర్ని కాపాడినావ్?"

"వద్దు మ్మే, నా మాట ఇను."

"నాన్నను అరవద్దు మా."

ఇద్దరూ కిందికి చూశారు. తరన్నుమ్ తల ఎత్తింది. చెంపలమీద ఇసుక అంటుకుని ఉంది. తమవల్లే అమ్మానాన్నలు కొట్లాడుకుంటున్నారని పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది. దాన్ని ఆపడం కూడా తమ పనే అనుకుంటారు. ఆరు నెలల్లో పట్టుమని నాలుగు మాటలు వరసగా మాట్లాడని పిల్ల, ఇప్పుడు తప్పు చేసినవాళ్ళందర్నీ వదిలేయమని అడిగే పెద్దమనిషిలా మాట్లాడింది.

"జేజిని గూడా అరవద్దు మా. జేజి ఏడ్సుకుంటా పెట్టింది. నాకు వెన్న గూడా పూసింది."

"ఏడ్సుకుంటా ఎందుకు పెట్టింది తల్లీ? ఎవురు పెట్టమన్యారు?"

"తరన్నుమ్, వద్దు నాయనా..." ఇర్షాద్ అడ్డం రాబోయాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

"నువ్వే గదా మా," అంది పిల్ల. "నువ్వే ఫోన్‌లో చెప్తివి. వాత పెట్టమని."

తస్లీమాకు మొదట ఏమీ అర్థం కాలేదు. నేనా, అనుకుంది. నేనెందుకు చెప్తాను, ఏ తల్లైనా చెబుతుందా, పిల్లకు ఎవరో నూరిపోశారు, అనుకుంది. అలా అనుకుంటూ ఉండగానే ఒక మధ్యాహ్నం గుర్తుకొచ్చింది.

క్లినిక్‌లో భోజనాల వేళ. ఫోన్‌ను స్టీలు డబ్బాకు ఆనించి వీడియో కాల్ పెట్టుకుంది. అటువైపు పిల్ల పప్పన్నం ముద్దను ఎడమచేత్తో తీసుకుని నోట్లో పెట్టుకుంటోంది. చూస్తే నవ్వొచ్చింది. నవ్వుతూనే, "అత్తా, మళ్ళా ఆ చేత్తో తినిందనుకో, ఒక వాత పెట్టు దానికి, అదే దారికొచ్చాది!" అంది. లోపలినుంచి డాక్టరు పిలిస్తే ఫోన్ కట్టేసి పరుగెత్తింది. సాయంత్రానికి ఆ మాట అన్న సంగతే మరిచిపోయింది.

వాత పెడతా! మన ఇళ్ళలో ఈ మాట అనని తల్లి ఎవరైనా ఉంటే చూపించండి. కాళ్ళు విరగ్గొడతా అంటాం, తోలు వలుస్తా అంటాం, అన్నం కలుపుతూ అంటాం, జడ వేస్తూ అంటాం. తస్లీమా తల్లి కూడా ఆమెను అలాగే బెదిరించింది, ఒక్కనాడూ చేసింది లేదు. ఆ మాటకు కాల్చే గుణం లేదనే తస్లీమా అనుకుంది. కానీ దౌలత్‌బీ వేరే కాలం మనిషి. ఆమె కాలంలో కామెర్లకు వాత పెట్టారు, పసిపిల్లల జబ్బు బాలపాపచిన్నెకు వాత పెట్టారు, ఊపిరి అందని బిడ్డకు వాత పెట్టారు. ఆమె లెక్కలో వాత తిట్టు కాదు, మందు. దుబాయ్‌లో చదువుకున్న డాక్టర్ల దగ్గర పనిచేసే కోడలు, కన్నతల్లి, ఫోన్ చేసి మరీ చెబుతోంది. చెయ్యకపోతే పిల్ల బాగుపడదేమో అనుకుంది. గుండె రాయి చేసుకుంది.

"ఇదంతా అమ్మే చెప్పింది నాకు," అన్నాడు ఇర్షాద్ నెమ్మదిగా. "కన్నతల్లే చెప్పిందిగదరా, నేనెట్ల కాదనేదీ అని ఏడ్చింది. నువ్వు ఊరికే అన్న మాటని నాకు తెల్సు. తెల్సే దాచినా. ఇది తెలిస్తే నువ్వు బతికినంతకాలం నిన్ను నువ్వు తినేస్తావని."

తస్లీమాకు ఆ మాటలు సగమే వినపడ్డాయి. ఈ ఆరు నెలలూ ఒకటొకటిగా కళ్ళముందుకు వస్తున్నాయి. కూర్చోమంటే కూర్చుంది. తినమంటే తినింది. ఒక్కసారి ఎదురు చెప్పలేదు. ఎంత బుద్ధిమంతురాలో నా కూతురని క్లినిక్‌లో అందరి దగ్గరా మురిసిపోయింది తను. బుద్ధి కాదు అది. భయం. ఊళ్ళో జేజిమీద లేని భయం, నాన్నమీద లేని భయం, పక్కలో పడుకోబెట్టుకునే అమ్మమీద. సముద్రం అవతలనుంచి ఒక్క మాట అంటే ఊళ్ళో తన చెయ్యి కాలుతుందని నేర్చుకున్న పిల్ల, ఆ నోటికి ఇంత దగ్గరలో ఆరు నెలలు కాపురం చేసింది. అంతకన్నా ఘోరం ఇంకొకటి ఉంది. ఇన్నాళ్ళలో పిల్ల ఎవరిమీదా చాడీ చెప్పలేదు. అమ్మ చెప్పింది కాబట్టి అది న్యాయమే అనుకుంది.

దగ్గరికి తీసుకుందామని చేతులు చాపింది తస్లీమా. పిల్ల వెనక్కి జరగలేదు. కానీ కళ్ళు గట్టిగా మూసుకుంది. చాపిన చేతులు అలాగే ఆగిపోయాయి. తల్లికి ఇంతకన్నా పెద్ద శిక్ష వేరే ఉండదు.

గొడవ సద్దుమణిగిందనుకున్నాడు పాపం రామిల్. మెల్లగా దగ్గరికి వచ్చాడు. చేతిలో రెండు గ్లవ్వులున్నాయి, ఒకటి ఎడమచేతికి పట్టేది, ఇంకొకటి తరన్నుమ్ తీసి పారేసినది. ఇసుక దులిపి తెచ్చాడు.

"సారీ మేడమ్, సారీ సర్," అన్నాడు తనకొచ్చిన హిందీలో. "బేబీకి భయం అయితే ఖలాస్, ఈ రోజు వద్దు. కానీ ఇంత మంచి చెయ్యి నేను చానా ఏళ్ళుగా చూడలేదు. మా లీగులో చేర్చండి. ఒక్కటే మాట అడగాలి. సర్ ఏమో ఫారంలో రైట్ అని రాశారు, బేబీ ఏమో లెఫ్ట్‌తో వేసింది. నేను ఏ చెయ్యి అనుకోవాలి? ఏ గ్లవ్వు ఇవ్వాలి?"

ఇర్షాద్ పెళ్ళాం వైపు చూశాడు.

తరన్నుమ్ లేచి నిలబడింది. అమ్మ ఏమీ అనకముందే కుడిచేతిని ముందుకు చాపి, "ఇదీ," అంది కోచ్‌తో. "నాది కుడిచెయ్యి." ఎడమచేతిని వీపు వెనక పెట్టుకుంది. తర్వాత, చెప్పింది సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి తలెత్తింది.

తల్లి కళ్ళల్లోకి చూడలేదు. ఆ కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయని ఆ పిల్లకు పట్టనేలేదు. తల్లి పెదాలవైపే చూస్తోంది. అక్కడినుంచి ఏ మాట వస్తే అది జరిగి తీరుతుందని ఆ పిల్లకు తెలుసు.

తస్లీమా నోరు తెరిచింది.